ఏ కట్టెయ్యడం?

ఆ నీటి సంఘం పుట్టినప్పటి నుంచి ఏకగ్రీవంగా ఒక్క తీర్మానమూ జరిగి ఎరగదు. సమావేశంలో టీ తాగాలా వద్దా అన్నదానికి కూడా చేతులెత్తించి, ఓడిపోయిన వాళ్లు అలిగి టీ తాగకుండా వెళ్లిపోయిన సంఘం అది. అలాంటిది ఆ రోజు పొద్దున కాలువ గట్టు మీది రేకుల గదిలో, వచ్చిన వాళ్లందరి చేతులూ ఒక్కసారిగా పైకి లేచాయి. అధ్యక్షురాలు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని చూసింది. ఎగువ రైతుల చేతులు లేచే ఉన్నాయి, దిగువ రైతుల చేతులూ లేచే ఉన్నాయి. ఆఖరికి ఆమె సొంత అన్నగారి చెయ్యి కూడా గాల్లో ఉంది. చెల్లెలి మాటకి అడ్డు చెప్పడానికి తప్ప ఆ చెయ్యి లేవగా చూసిన వాళ్లు లేరు.

అనుమానం అప్పుడే రావాల్సింది. కానీ సంతోషం తలకెక్కినప్పుడు అనుమానానికి చోటెక్కడుంటుంది?

అసలు సంగతి చెప్పాలి. పెద్ద కాలువ నుంచి చీలి వచ్చే ఈ పిల్ల కాలువ మీద మొట్టమొదటి తూము అన్నగారిది. వాళ్ల నాన్నగారు పొలం పంచినప్పుడు పై పొలం కొడుక్కి, కింది పొలం కూతురికి ఇచ్చాడు. గజం బద్ద పెట్టి మరీ సమానంగా పంచాడు. నీళ్లు కూడా పంచాలని ఆయనకి తోచలేదు, పాపం. అన్నగారు తన తూము నిండా తాగి, ఎగువ వాళ్లందరికీ తాగించి, మిగిలితే దిగువకి వదిలేవాడు. చాలా ఏళ్లు సంఘానికి అధ్యక్షుడు కూడా ఆయనే. ఆయన హయాంలో దిగువకి నీళ్లు చుట్టపుచూపుగా వచ్చేవి.

క్రితం ఏడాది చెల్లెలికి ఒళ్లు మండింది. ఎన్నికల్లో అన్నగారి మీదే నిలబడింది. దిగువ వాళ్లందరినీ పోగేసి, బల్ల మీదికెక్కి, "చివరి మడి దాకా తడుపుతాను. తడపలేకపోతే ఈ కుర్చీ దిగి మళ్లీ అన్నయ్యకే ఇచ్చేస్తాను" అంది. చప్పట్లు మోగిపోయాయి, గెలిచింది. చివరి మడి అంటే తన మడే అన్నట్టు ఆమె మనసులో ఓ మూల ఉండేది. నిజానికి ఆమె పొలం తర్వాత ఇంకొక్క మడి ఉంది. అది ఆమె ఆడపడుచుది, అంటే భర్తకి అక్కగారిది. ఆడపడుచుతో ఆమెకి మాటల్లేవు. మధ్యనున్న గట్టు ఎవరు చెక్కారన్న దగ్గర మొదలైన తగాదా, గట్టు కరిగి సన్నబడినా తగ్గలేదు. ఇద్దరికీ మధ్య రాయబారం ఆమె భర్తది. ఆయన మోటార్లు బాగుచేసే మనిషి, నిదానస్థుడు. "మీ ఆవిడతో చెప్పు" అని అక్క అంటే చెప్పేవాడు, "మీ అక్కయ్యగారితో చెప్పండి" అని భార్య అంటే అదీ చెప్పేవాడు. ఇద్దరూ ఒక్క గదిలో ఉన్నా సరే.

ఈసారి పెద్ద కాలువకి నీళ్లే తక్కువ. పైన ఆఫీసు వాళ్లు కొద్దిరోజుల వంతు ఒక్కటే ఇస్తామన్నారు. దిగువన నారుమళ్లు పసుపు తిరిగిపోయి ఉన్నాయి. ఈ వంతులో తడిస్తే నాట్లు, లేకపోతే ఈ ఏటి పంటకి నీళ్లు వదులుకోవడమే. అందుకే ఆ పొద్దున అధ్యక్షురాలు రాత్రంతా ఆలోచించి కూర్చుకున్న మాటని గుండె దిటవు చేసుకుని చెప్పింది.

"ముందు ఎగువకి నీళ్లు కట్టెయ్యాలి. ఆ తర్వాతే దిగువకి వదలాలి."

సంఘం కార్యదర్శి ఒక రిటైరైన తెలుగు మాస్టారు. ఆ మాటని నల్లబల్ల మీద గుండ్రటి అక్షరాలతో రాసి, కింద గీత కూడా గీశారు. చేతులన్నీ లేచాయి. అన్నగారైతే లేచి వచ్చి చెల్లెలి భుజం తట్టి, "ఇన్నాళ్లకి బుద్ధొచ్చిందే నీకు" అన్నాడు. చెల్లెలికి కళ్లు చెమర్చాయి. ఎంతైనా తోడబుట్టినవాడు అనుకుంది.

మర్నాడు తెల్లవారి కాలువ మీదికి వెళ్తే సంగతి బయటపడింది. ఎగువకీ దిగువకీ మధ్య కాలువకి అడ్డంగా ఇనుప తలుపు ఉంటుంది. అది దించితే నీళ్లు వెనక్కి ఎగదన్ని ఎగువ తూముల్లోకి పోతాయి, ఎత్తితే దిగువకి పారతాయి. దాన్ని ఎత్తి దించే లస్కరు, తలుపు తిప్పే హ్యాండిలు ఒళ్లో పెట్టుకుని గట్టు మీద చతికిలబడి ఉన్నాడు. అతని ఒక రెక్క పట్టుకుని ఎగువ వాళ్లు లాగుతున్నారు, రెండో రెక్క దిగువ వాళ్లు లాగుతున్నారు.

"వచ్చారా అమ్మా! కట్టెయ్యమని తీర్మానం చేశారంట. ఏ కట్టెయ్యడం?" అన్నాడు లస్కరు ఏడుపు గొంతుతో.

"ఏ కట్టెయ్యడమేంటి? నీళ్లు కట్టెయ్యడం!"

"అదేనమ్మా. వీళ్లేమో మా చేలకి నీళ్లు కట్టెయ్, అంటే నిండా పెట్టెయ్ అంటున్నారు. వాళ్లేమో కొళాయి కట్టేసినట్టు కట్టెయ్, అంటే ఆపెయ్ అంటున్నారు. నేను తలుపు దించనా, ఎత్తనా?"

అధ్యక్షురాలికి అప్పుడు వెలిగింది. తను ఆపెయ్యాలనే అర్థంతో అంది. దిగువ వాళ్లు అలాగే విన్నారు. ఎగువ వాళ్లు తమకే ముందు నీళ్లు పెట్టమంటోందని విన్నారు. అందుకే అన్ని చేతులు లేచాయి, అందుకే ఆ భుజం తట్టడం. నిన్నటి కన్నీళ్లు గుర్తొచ్చి ఆమెకి తన మీద తనకే చిర్రెత్తుకొచ్చింది.

మాస్టారిని పిలిపించారు. ఆయన సైకిలు దిగుతూనే సంగతి విని, మొహం చేటంత చేసుకున్నారు.

"భలే! రెండర్థాలూ సాధువే. ఇంట్లో నీళ్లు కట్టేస్తే ఆగిపోతాయి, చేలో కట్టేస్తే తడుస్తుంది. ఒకే మాటకి ఎదురెదురు అర్థాలు! ఎంత చక్కని భాష మనది!"

"చక్కదనం సరే మాస్టారూ, తలుపు సంగతి చెప్పండి" అన్నాడు లస్కరు.

మాస్టారు నీళ్లు నమిలారు. తలుపు సంగతి వ్యాకరణంలో లేదు.

ఇంజినీరుగారికి ఫోను చేశారు. ఆయన అంతా విని, "తీర్మానం ఏకగ్రీవమేనా?" అని అడిగారు. అవునన్నారు. "అయితే ఇంకేం, శుభం. ఏకగ్రీవమైతే ఆఫీసు కలగజేసుకోదు" అని పెట్టేశారు. పోనీ ఇంకో సమావేశం పెట్టి మార్చేద్దామా అంటే, ఏకగ్రీవ తీర్మానాన్ని గడువు ప్రకారం జరిగే మామూలు సమావేశంలో తప్ప మార్చకూడదని సంఘం నియమం. అన్నగారే తన హయాంలో పెట్టించాడది, ఎలాగూ ఎప్పుడూ పనికిరాదన్న ధైర్యంతో. మామూలు సమావేశం నాటికి ఈ వంతు కాస్తా అయిపోతుంది.

"ఏం చేస్తావే ఇప్పుడు?" అన్నాడు అన్నగారు, మీసం చాటున నవ్వు దాచుకోకుండా.

చెల్లెలు ఆయన పొలం వైపు చూస్తూ నిలబడింది. చిన్నప్పటి నుంచి తెలిసిన పొలమే. కాలువలోకి వచ్చిన మొదటి నీళ్లతోనే కొత్తగా నాట్లు వేసిన మళ్లు పచ్చగా ఉన్నాయి. వాటికి ఆ చివర మురుగు కాలువ ఉండాలి. ఇప్పుడు అక్కడ బీరపందిరి ఉంది. అధ్యక్షుడిగా ఉన్న రోజుల్లో అన్నగారు మురుగు కాలువ పూడ్చేసి, ఆ నేలలో పాదులు పెట్టుకున్నాడు. అడిగే అధ్యక్షుడు తనే కనక ఎవరూ అడగలేదు. ఇక ఆయన తూముకి తలుపే లేదు. ఎవరో వచ్చి మూసేస్తారేమోనని దాన్ని ఊడబీకి చాలా కాలమైంది.

ఆ పొలంలోకి నీళ్లు రావడానికి దారి ఉంది. ఆపడానికి తలుపు లేదు, పోవడానికి కాలువ లేదు.

"సరే అన్నయ్యా, నీ అర్థమే ఖాయం" అంది చెల్లెలు మెత్తగా. "ముందు ఎగువకే కట్టుకోండి, తనివితీరా. లస్కరు మధ్య తలుపు దించేస్తాడు. కానీ ఒక్క షరతు. చాలు అని నువ్వు నీ నోటితో అనాలి. అన్నాకే తలుపు ఎత్తుతారు. ఎత్తాక మళ్లీ దించమనకూడదు."

అన్నగారు పగలబడి నవ్వాడు. చాలు అన్న మాట ఆయన అన్నం దగ్గర కూడా అనడు. "నా నోటితోనా? మాస్టారూ, విన్నారుగా, మీరే సాక్షి!"

లస్కరు తలుపు దించాడు. దిగువ వాళ్లు భగ్గుమన్నారు. ఓటేసి గెలిపించినందుకు బాగా బుద్ధి చెప్పావన్నారు, అన్నాచెల్లెళ్లు కూడబలుక్కుని నాటకమాడారన్నారు. ఆడపడుచు గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడి, పక్కనే ఉన్న తమ్ముడితో అంది.

"మీ ఆవిడకి పుట్టింటి ప్రేమ పొంగినట్టుందిరా. చివరి మడి అని ఏదో అన్నట్టు గుర్తు, ఆవిడకి గుర్తుందో లేదో కనుక్కో."

"మీ అక్కయ్యగారిని కాస్త ఓపిక పట్టమనండి" అంది అధ్యక్షురాలు.

ఇద్దరి మధ్యా బారెడు దూరం కూడా లేదు. అయినా ఆయన ఇటు తిరిగి ఒకసారి, అటు తిరిగి ఒకసారి చెప్పాడు.

పైకి అలా అంది గానీ ఆమెకి లోపల గుబులుగానే ఉంది. సాయంత్రం నారుమడి దగ్గర గొంతుక్కూర్చుని నారు నిమిరింది. కొసలు గరగరలాడుతున్నాయి. అన్నయ్య మొండివాడు. పంతానికి పోయి వంతు అయిపోయేదాకా నోరు విప్పకపోతే? తన నారు పోతుంది, దిగువ వాళ్ల నారు పోతుంది, కుర్చీ పోతుంది, తలెత్తుకోలేని పరిస్థితి వస్తుంది. భయమేసింది ఆమెకి. భయాన్ని దిగమింగుకుని దిగువ వాళ్ల ఇళ్లకి వెళ్లి, తలుపు తలుపూ తట్టి, పారలు నూరి పెట్టుకోమని చెప్పింది. ఎందుకన్న వాళ్లకి ఎందుకో చెప్పింది. తిట్టిన నోళ్లే అప్పుడు నవ్వాయి.

అన్నగారు మొదట మహా హుషారుగా ఉన్నాడు. గట్టు మీద కుర్చీ వేయించుకుని నీళ్లు పారడం చూస్తూ కూర్చున్నాడు. మళ్లలో నీళ్లు మడమల దాకా వచ్చాయి. ఎగువన మిగతా వాళ్లకి కావాల్సినంత రాగానే ఎవరి తూము తలుపు వాళ్లు వేసేసుకుని ఇళ్లకి పోయారు. మరి కాలువ నీళ్లన్నీ ఎటు పోతాయి? తలుపు లేనిది ఒక్క తూమే. ఆయన కూర్చున్న కుర్చీ కాళ్లు మెల్లగా బురదలోకి దిగబడ్డాయి. కుర్చీ ఇంకొంచెం పైకి వేయించుకున్నాడు. నీళ్లు మోకాళ్లకి వచ్చాయి. మొన్ననే నాటిన నారు వేళ్లు వదిలి, పైకి తేలి, గుంపులు గుంపులుగా ఓ మూలకి కొట్టుకుపోవడం మొదలైంది.

తర్వాతి పొద్దున అధ్యక్షురాలు, దిగువ వాళ్లందరూ మధ్య తలుపు దగ్గర పారలతో కూర్చుని ఉండగా, అన్నగారు ప్యాంటు మోకాళ్ల పైకి మడుచుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"చెల్లాయ్! నీళ్లు కట్టెయ్యమనవే!"

చెల్లెలు తాపీగా తలెత్తింది.

"ఏ కట్టెయ్యడం అన్నయ్యా?"

గట్టంతా గొల్లుమంది. లస్కరు నవ్వాపుకోలేక హ్యాండిలు కాలి మీద పడేసుకున్నాడు. మాస్టారు మాత్రం, "చూశారా, అవసరం వచ్చేసరికి రెండో అర్థం ఎంత సహజంగా వచ్చిందో!" అని మురిసిపోయారు.

"వేళాకోళమా? కాళ్ల కిందికి నీళ్లొచ్చాయే నాకు!"

"పైకి కూడా వచ్చినట్టున్నాయి, ప్యాంటు చూస్తే తెలుస్తోంది. మనం అనుకున్న మాట ఇంకోటి ఉంది."

అన్నగారు చుట్టూ చూశాడు. ఎగువ వాళ్లు ఒక్కరూ లేరు, వాళ్ల తూములు మూసే ఉన్నాయి. చెప్పులు కింద పెట్టాడు, మళ్లీ తీశాడు. కాలువలోకి చూసి, మీసం కిందనే ఏదో గొణిగాడు.

"వినపడలేదండీ" అన్నాడు లస్కరు. ఎన్నేళ్లుగానో ఆయన కేకలు విన్న చెవులవి.

"చాలు! చాలురా బాబూ, చాలు! ఎత్తెయ్!"

తలుపు లేచింది. వెనక ఎగదన్ని ఉన్న నీళ్లు ఒక్క ఉదుటున దిగువకి దూకాయి. దిగువ వాళ్లు కేకలు పెడుతూ నీళ్ల వెంట పరుగెత్తబోయారు.

"ఆగండి" అంది అధ్యక్షురాలు. "ముందు మా అన్నయ్య పొలం."

అక్కడ నారు ఇంకా తేలిపోతూనే ఉంది. నాన్న నాటిన మళ్లవి. గుణపాఠం చెప్పాలనుకుంది గానీ నారు చంపాలనుకోలేదు. అందరికంటే ముందు తనే మోకాలి లోతు నీళ్లలోకి దిగింది.

"నీ తూము తలుపేది?"

"పోయిందే. ఎప్పుడో పోయింది."

"పోలేదు. పెరట్లో బట్టలుతుక్కునే చోట పరిచుంది. మొన్న మీ ఇంటికొచ్చినప్పుడు దాని మీద నిలబడే కాళ్లు కడుక్కున్నాను. తీసుకురా పో."

అన్నగారు కిక్కురుమనకుండా వెళ్లి తెచ్చాడు. సబ్బు మరకలతో తెల్లగా మెరిసిపోతోంది. ఈలోపు బీరపందిరి ఊడదీసి, దిగువ వాళ్లు పూడిన మురుగు కాలువ తవ్వడం మొదలెట్టారు. కాయలు తొక్కెయ్యకండి, కోసి పక్కన పెట్టండి అని అధ్యక్షురాలు అరుస్తూనే ఉంది. మట్టి తెగగానే పొలంలో నిలిచిన నీళ్లు బుడబుడమంటూ బయటికి దారి తీశాయి. నారు మళ్లీ నేలకి ఆనింది. కొంత పోయింది, ఎక్కువ భాగం బతికింది.

"నువ్వు నాన్న పోలికే" అన్నాడు అన్నగారు, బురద చేతుల్తో. తిట్టో మెప్పో ఆమెకి అర్థం కాలేదు. ఆయనకీ తెలిసినట్టు లేదు.

అలా ఎగువన ఆలస్యమైంది. ఆమె తన పొలానికి చేరేసరికి పొద్దు వాలుతోంది. ఆ సాయంత్రంతో వంతు ఆఖరు, పెద్ద కాలువ మూసేస్తారు. నీళ్లు చెత్తనీ నురగనీ మోసుకుంటూ ఆమె తూములోంచి నారుమడిలోకి వస్తున్నాయి. పగిలిన నేల నీళ్లు తాగే చప్పుడు వినిపిస్తోంది. ఆమెకి చిన్నపిల్లలా ఎగరాలనిపించింది, వయసు గుర్తొచ్చి ఊరుకుంది. నీళ్లు మడిలో సగం దూరం వచ్చాయి.

అప్పుడు చూసింది. అవతల గట్టు మీద ఆడపడుచు నిలబడి ఉంది. ఆవిడ వెనక మడి గచ్చులా తెల్లగా ఉంది, అందులో నారు ఎండుగడ్డి రంగులో ఉంది. ఇటు గట్టు మీద అన్నగారు, తువ్వాల్లో బీరకాయలు మూటగట్టుకుని వచ్చి కూర్చున్నాడు.

"చివరి మడి అన్నావుగా?" అన్నాడు నవ్వుతూ. "ఇదేనా చివరిది? లేకపోతే కుర్చీ దులిపించుకోనా?"

కాలువలో మట్టం తగ్గిపోతోంది. ఇంకాసేపు వదిలితే తన మడి మొత్తం తడుస్తుంది. వదిలితే అవతలి మడికి చుక్క కూడా మిగలదు. సగమే తడిసిన తన నారు వంక చూసింది. మనసు ఒప్పుకోలేదు, అస్సలు ఒప్పుకోలేదు. గట్టు చెక్కిన మనిషికి నేనెందుకు వదలాలి అనుకుంది. బల్లెక్కి చివరి మడి అని అరిచింది తనేనన్నదీ గుర్తొచ్చింది.

"ఏమండీ, కట్టెయ్యండి" అంది భర్తతో.

ఆయన పార పట్టుకుని తూము దగ్గర నిలబడి ఉన్నాడు. భార్య మొహంలోకి చూసి, భయపడుతూనే అడిగాడు.

"ఏ కట్టెయ్యడం?"

ఎవరూ నవ్వలేదు. ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"మూసెయ్యడం."

ఆయన తూముకి మట్టి అడ్డం వేశాడు. కాలువ నీళ్లు ఆమె పొలం దాటి, సన్నగా, గట్టు పక్కనుంచి చివరి మడిలోకి తిరిగాయి. ముందు ఓ మూల నల్లబడింది, తర్వాత నడి మడి. అన్నగారు బీరకాయల మూట పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. ఆడపడుచు వంగి, నీళ్లలో చెయ్యి పెట్టి, నారు మొదళ్లు తడిమింది. మడి ఇంకా నిండలేదు. ఆవిడ నడుం పట్టుకుని లేచి ఇటు తిరిగింది. తమ్ముడి వైపు చూడలేదు.

"చాలమ్మాయ్. నా నారు తేరుకుంది. మిగతాది నీ మడికి కట్టుకో."

అలవాటు కొద్దీ ఆయన భార్య వైపు తిరిగాడు. "మా అక్కయ్య చాలంటోంది..."

"నాకు వినిపించింది లెండి" అంటూ ఆమె ఆయన చేతిలోంచి పార తీసుకుంది. "మీరు తప్పుకోండి. వదినా, ఆ పక్కనుంచి మట్టి కాస్త తియ్యి."